పడని ప్లేటు చప్పుడు

నేను ఒక మైకుని. పాడేవాళ్లు చేత్తో పట్టుకునే రకం. తల మీద ఇనుప జల్లెడ, మెడ దగ్గర చిన్న స్విచ్చు, తోకలాగా పొడవాటి నల్ల వైరు. స్విచ్చు ఆపేస్తే నా చెవి మూసుకుపోతుందని మనుషుల నమ్మకం. అది నిజం కాదు. స్విచ్చు ఆపితే నేను విన్నది బయటికి పోదు, అంతే. వినడం మాత్రం ఆగదు. ఈ చిన్న సంగతి తెలియక నా దగ్గర చాలామంది బయటపడిపోయారు.

నాకు అనుమానం ఎక్కువ. పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఫ్యాక్టరీలో నా తల లోపల పల్చటి పొర ఒకటి బిగించారు. దాని వెనక సన్నటి రాగితీగ చుట్ట, ఒక అయస్కాంతం పెట్టారు. అనుమానం పెట్టలేదు. నన్ను పరీక్షించిన మనిషి మొదటిసారి నా మొహంలోకి చూసి "హలో, హలో" అన్నాడు. ఎవరో ఆప్యాయంగా పలకరించారని పొంగిపోయాను. అదే మాట అతను నా పక్కనున్న మైకుతో కూడా అన్నాడు. దాని పక్కదానితోనూ అన్నాడు. అప్పుడు మొదలైంది.

సామర్లకోటలో ఒక టెంటు హౌసు యజమాని నన్ను కొన్నాడు. అక్కడ నా అనుమానానికి మంచి మేత దొరికింది. ఎన్నికల సభలో ఒకాయన నన్ను రెండు చేతులా పట్టుకుని "నేను మీ ఇంటి బిడ్డనమ్మా" అని గొంతు గద్గదం చేసుకున్నాడు. తర్వాత నా స్విచ్చు ఆపి, పక్కవాణ్ణి "ఇదే ఊర్రా?" అని అడిగాడు. ఒక పదవీ విరమణ సభలో వక్త "ఇలాంటి మనిషి మళ్లీ దొరకడు" అని కళ్లొత్తుకున్నాడు. స్విచ్చు ఆపాక "దొరక్కపోతేనే మంచిది" అన్నాడు. ఇలా కొన్నేళ్లు గడిచేసరికి, నా ముందు గట్టిగా చెప్పిన మాటల్లో సగం తీసేసి వినడం అలవాటు చేసుకున్నాను.

ఆ టెంటు హౌసు మూతపడే రోజుల్లో గిద్యోను మాస్టారు నన్ను కొనుక్కున్నాడు. ఆయన కీబోర్డు వాయిస్తాడు. నా కోసం ఆయన కాకినాడలో ఒక చెయ్యి సిద్ధంగా ఉంచాడు. ఆ చెయ్యి కరుణది.

కరుణ చర్చిలో పాడుతూ పాట నేర్చుకున్న మనిషి. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని పాటతోనే నెట్టుకొస్తోంది. ఆమె నన్ను పట్టుకునే ముందు చీర కొంగుతో నా తల తుడిచేది. "హలో" అనేది కాదు. నేరుగా పాటలోకి వెళ్లిపోయేది. నా ముందు తను నమ్మని మాట ఒక్కటీ అనని మనిషిని మొదటిసారి ఆమెలోనే చూశాను. అయినా వెంటనే నమ్మలేదు. నా అలవాటు నాది.

మేము ముగ్గురం శని, ఆదివారాల్లో 'పందిరి' ఫ్యామిలీ రెస్టారెంటులో ఉండేవాళ్లం. ఊరి బయట రోడ్డు పక్కన కొబ్బరిచెట్ల మధ్య బల్లలు, వాటి మీద రంగు బల్బుల తోరణాలు, ఒక చివర రేకుల కప్పు కింద మా స్టేజి, రెండో చివర అందరికీ కనపడేలా రొట్టెల పొయ్యి. గేటు మీద యజమాని అబ్బులు గారు స్వయంగా రాయించిన బోర్డు ఉండేది: 'ఇక్కడ అన్నీ అప్పటికప్పుడే. రొట్టైనా, పాటైనా.'

ఆ బోర్డంటే ఆయనకి ప్రాణం. అదే రోడ్డులో ఇంకో హోటలు వాళ్లు రికార్డు వేసి, దాని ముందు ఒక అమ్మాయిని నిలబెట్టి పెదవులు ఆడించేవారట. అబ్బులు గారు వచ్చిన ప్రతివాళ్లకీ ఆ సంగతి చెప్పి, "అది చద్దిపాటండి. వేడి చేసి వడ్డిత్తన్నారు" అని నవ్వేవాడు. పుచ్చకాయని నాలుగు పక్కలా కొట్టి చూసి గానీ కొనని మనిషి ఆయన. పాల క్యాను మూత తీసి వాసన చూసి, పాలవాడి మొహం కూడా చూసేవాడు. అనుమానంలో నాకు సరిజోడు.

ఆ సాయంత్రాలు బాగుండేవి. కుటుంబాలు స్నానం చేసి, పౌడరు రాసుకుని వచ్చేవాళ్లు. పిల్లలకి ముందు నూడుల్సు, తర్వాత పెద్దలకి రొయ్యల వేపుడు, పలావు. కావలసిన పాట చీటీ మీద రాసి, బల్ల నంబరు వేసి స్టేజికి పంపేవారు. 'మా ఆవిడ కోసం' అని రాసే భర్తలందరూ తమకిష్టమైన పాటలే అడిగేవారు. పెళ్లిరోజు వాళ్లని స్టేజి మీదికి పిలిస్తే భార్య గురించి నాలుగు మంచి మాటలు నాతో చెప్పేవారు. ఆ మాటలు నాతో కాకుండా ఆమెతో చెప్పి ఉంటే బాగుండేదని నాకనిపించేది. పాట అయ్యాక చప్పట్లు కూడా ఒకచేత్తోనే. రెండో చేతిలో కోడికాలు.

వాటిలో నేను మరిచిపోలేని సాయంత్రాలు రెండున్నాయి. ఒకటి వాన కురిసిన రోజు. సన్నగా చినుకులు పడుతుంటే జనం ప్లేట్లు పట్టుకుని వచ్చి మా రేకుల కింద నిలబడ్డారు. కరుణ పాడుతూనే ఉంది. రేకుల మీద చినుకులు తాళం వేశాయి. రెండోది, ఎవరో పెద్ద అధికారి భోజనానికి వచ్చిన రోజు. అబ్బులు గారు ఎవర్నీ నమ్మక ప్లేటు తనే మోసుకొచ్చాడు. కరుణ పడవ పాట పాడుతోంది. గోదారి మీద పడవలో కూర్చుని నాయిక పాడే పాత పాట అది. రెండో చరణం మొదటి లైను దాటగానే అబ్బులు గారి కాలు నా వైరుకి తగులుకుంది. పింగాణీ ప్లేటు మా స్టేజి అంచున భళ్లున పగిలింది. ఆయన తనని తాను తిట్టుకోలేదు. వైరుని తిట్టాడు.

గిద్యోను మాస్టారికి ప్రతి వారం మా పాటలు రికార్డు చేసి పెన్‌డ్రైవులో దాచుకునే అలవాటుంది. ఈ రెండు సాయంత్రాలూ అందులోకి వెళ్లాయి. ఎందుకు దాచుకుంటున్నాడో నాకు తెలిసేది కాదు. మాస్టారి మీద నాకు చిన్న అనుమానం మిగిలిపోయింది.

కొన్నేళ్లు గడిచాయి. కరుణ ఊపిరిలో వాసన మారడం ముందు నేనే కనిపెట్టాను. మొదట అల్లం, తర్వాత లవంగం, ఆ తర్వాత ఎప్పుడూ బుగ్గన కరక్కాయ ముక్క. పై స్వరాలకి వెళ్లేటప్పుడు గొంతు పాత తలుపులా గీరుకునేది. అక్కడ ఆమె నన్ను కొంచెం దూరం జరిపేది. నా నుంచి ఏదో దాస్తోందని నొచ్చుకున్నాను.

తర్వాత ఒక శనివారం మాస్టారు నన్ను పెట్టెలోంచి తీసి, నా స్విచ్చు తనే ఆపి, ఆపిన నన్ను ఆమె చేతిలో పెట్టాడు. పాట మొదలైంది. స్పీకర్లలో కరుణ గొంతు, ఏళ్ల కిందటి గొంతు, తేటగా వినపడుతోంది. నా ముందు కరుణ నోరు కదులుతోంది గానీ నా జల్లెడకి ఊపిరి తగలడం లేదు. మాస్టారు కీబోర్డు శబ్దం తగ్గించేసి ఉత్తుత్తిగా మీటలు నొక్కుతున్నాడు. ఆయన వేళ్లు కూడా అబద్ధం నేర్చుకున్నాయి.

ఆ రాత్రి వాళ్లిద్దర్నీ ఎంత అనుమానించానో చెప్పలేను. మాస్టారు ఆమె గొంతు దొంగిలించి దాచుకుని, ఇప్పుడు ఆమెతో పని లేకుండా చేస్తున్నాడనుకున్నాను. ఆమె కూడా అందరిలాంటిదే అనుకున్నాను. నన్ను పెట్టెలో పెట్టేముందు వాళ్లు మాట్లాడుకున్నది విన్నాక గానీ విషయం తెలియలేదు. ఆమె గొంతులో కాయల్లాంటివి వచ్చాయట. వానాకాలం వెళ్లేదాకా పాడొద్దని, మాట కూడా తగ్గించమని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడట. మానేస్తానంటే అబ్బులు గారు రాజమండ్రి ట్రూపుని పిలిచేస్తాడు. వాళ్లు ప్రతివారం ఫోను చేస్తున్నారు. ఒకసారి వాళ్లు వచ్చాక ఈ స్టేజి ఇక ఈమెకి దక్కదు.

"అప్పటిదాకా నీ పాటలే నిన్ను మోత్తాయి, చెల్లెమ్మా. దొంగతనం కాదు గదా" అన్నాడు మాస్టారు.

కరుణ గుసగుసగా ఒక్కమాటంది. "గేటు మీద బోర్డుందన్నయ్యా."

అలా కొన్ని వారాలు నడిచింది. భోజనానికి వచ్చినవాళ్లెవరూ కనిపెట్టలేదు. ఈమధ్య ఇంకా బాగా పాడుతోందని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. వినేవాళ్ల మీద నాకున్న అనుమానం అక్కడితో రుజువైపోయింది.

కనిపెట్టింది అబ్బులు గారి చెవి. కాకపోతే వేరే దారిలో పోయింది. ఒకరోజు పాట మధ్యలో సన్నగా చినుకుల చప్పుడు వినపడి, ఆయన గబగబా కుర్చీలు లోపలికి వేయించాడు. ఆకాశం నిండా చుక్కలున్నాయి. తినేవాళ్లు నవ్వారు. మర్నాడు ఆయన చెవుల్లో మందు వేసుకుని వచ్చాడు.

తర్వాత మాస్టారు పడవ పాట పెట్టాడు. రెండో చరణం మొదటి లైను దాటగానే ప్లేటు పగిలిన చప్పుడు. అబ్బులు గారు పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఎక్కడా ముక్క లేదు. పనివాళ్లు ముక్కలు దాచేశారని చెత్తడబ్బా బోర్లించి చూశాడు. పై వారం మళ్లీ ఎవరో పడవ పాట అడిగారు. మాస్టారి దగ్గర ఆ పాటకి ఆ ఒక్క రికార్డే ఉంది. మళ్లీ పగిలింది. చెప్పాలంటే నాకు నోరుంది గానీ స్విచ్చు ఆపి ఉంది.

అనుమానం నూకరాజు మీదికి వెళ్లింది. రెస్టారెంటు పెట్టిన రోజు నుంచీ అక్కడ వడ్డిస్తున్న పెద్ద మనిషి అతను. చేతులు కొంచెం వణుకుతాయి. అయినా మోచేతి దాకా ప్లేట్లు పేర్చుకుని, ఒక్క మెతుకు కింద పడకుండా బల్లల మధ్య నడిచేవాడు. పాట మొదలయ్యే ముందు కరుణకి గ్లాసుతో వేన్నీళ్లు తెచ్చివ్వడం అతని అలవాటు. ఎవరూ చెప్పకపోయినా అతనే తెచ్చేవాడు. ఆ గ్లాసు స్టేజి మీద నా పక్కనే ఉండేది.

అబ్బులు గారు అతణ్ణి నిలదీయలేదు. అందరి ముందూ "ముసలి చేతులకి ప్లేటు బరువయ్యిందండి" అని నవ్వాడు. అప్పట్నుంచి మిగతా పనివాళ్లు నూకరాజు ఎదురైతే "జాగ్రత్త, జాగ్రత్త" అని దారి వదిలేవారు. అతను ప్లేట్లు ఒక్కొక్కటే రెండు చేతులా పట్టుకుని, కాళ్ల వైపు చూసుకుంటూ నడవడం మొదలుపెట్టాడు.

ఆ శనివారం చాలా రద్దీగా ఉంది. ఏదో పెళ్లిరోజు బృందం నాలుగు బల్లలు కలిపి కూర్చుంది. నూకరాజు వేన్నీళ్ల గ్లాసు తెచ్చి, వెంటనే వెళ్లకుండా స్టేజి పక్కన నిలబడ్డాడు.

"ఈవేళే ఆకరమ్మా. రేపట్నించి రానని అబ్బులు గారికి చెప్పేశాను" అన్నాడు.

కరుణ మాట్లాడకూడదు. ఎందుకన్నట్టు చెయ్యి తిప్పింది.

"ఆయన పొమ్మన్లేదమ్మా. నాకే భయమేత్తంది. పగిలిన చప్పుడు నాకూ ఇనపడతంది. నా చేతిలోంచి జారినట్టు మాత్రం తెలీట్లేదు. ముక్కలు కూడా నేనే ఎత్తేసి మర్చిపోతన్నానేమో. చేతులంటే సరే, మతి కూడా పోతే ఇంట్లోవాళ్లకి బరువు కదా. మీరు మాత్రం వేన్నీళ్లు మానకండి."

అతను వెళ్లిపోయాడు. కరుణ మాస్టారి వైపు చూసింది. మాస్టారు తల దించుకుని వైర్లు సర్దుకున్నాడు. అప్పుడు ఆమె చెయ్యి నా మెడ మీద ఎంత బిగుసుకుందంటే, నా లోపలి పొర కూడా కదలడం మానేసింది.

పెళ్లిరోజు బల్ల నుంచి చీటీ వచ్చింది. పడవ పాట. మాస్టారు ఇంకేదైనా పెడదామన్నాడు. కరుణ అదే పెట్టమని సైగ చేసింది. ఆయనకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఇంత చూశాక కూడా ఆమె ఆ చప్పుడు అతని నెత్తిన వేస్తుందా అని అనుమానించాను. ఆమె గురించి నేను పడిన ఆఖరి అనుమానం అదే.

పల్లవి అయింది. మొదటి చరణం అయింది. నూకరాజు బల్లల మధ్య రెండు చేతులా ఒక్క ప్లేటు పట్టుకుని వస్తున్నాడు. రెండో చరణం మొదలవగానే అతను ఉన్నచోటే ఆగిపోయాడు. భుజాలు ముడుచుకుని కళ్లు మూసుకున్నాడు.

కరుణ బొటనవేలు నా స్విచ్చు మీదికి వచ్చింది.

ఆ ఒక్క లైను ఇద్దరు కరుణలు పాడారు. ఒక గొంతు తేటగా, ఒక గొంతు గరగరగా. తినేవాళ్లు ప్లేట్ల మీంచి తలలెత్తారు. మాస్టారు బెదిరి రికార్డు ఆపేశాడు. సంగీతమంతా తెగిపోయి గరగర గొంతు ఒక్కటే మిగిలింది. అది పై స్వరానికి వెళ్లలేక మధ్యలో విరిగింది. ఆమె ఊపిరి తీసుకుని, ఇంకొంచెం కిందినుంచి అదే లైను అందుకుంది. మాస్టారు కీబోర్డు శబ్దం పెంచి, ఆమె ఎక్కడుందో వెతుక్కుంటూ శ్రుతి దించి, ఆమెని కలుసుకున్నాడు.

ప్లేటు పగలవలసిన చోటు వచ్చింది. దాటిపోయింది.

నూకరాజు కళ్లు తెరిచాడు. చేతిలో ప్లేటు వైపు చూసుకున్నాడు. తర్వాత కింద నేల వైపు చూశాడు.

కరుణ పాట ఆపేసింది. "నూకరాజు బాబాయ్" అంది నాలోంచి. స్పీకర్లలో ఆమె మాట చెట్ల దాకా పోయింది. "ప్లేటు పడలేదు. ఎప్పుడూ పడలేదు. అది మా రికార్డులో చప్పుడు. ఇన్నాళ్లూ నేను పాడటం లేదండి. అందరూ క్షమించాలి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాలుగు బల్లల బృందంలో ఒక పెద్దావిడ మాత్రం "మంచినీళ్లు తాగమ్మా" అంది. నూకరాజు ప్లేటు తీసుకెళ్లి ఆ బల్ల మీద పెట్టాడు. ఒక్కచేత్తో పెట్టాడు. అబ్బులు గారు పొయ్యి దగ్గర నిలబడి గేటు మీది బోర్డు వైపు చూస్తుండిపోయాడు. లోపలివైపు నుంచి ఆ బోర్డు వెనకభాగమే కనపడుతుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన అందర్నీ పిలిపించి, ఆ రికార్డు వినిపించమన్నాడు. ఖాళీ బల్లల మధ్య పడవ పాట మోగింది. ప్లేటు భళ్లుమంది. వెంటనే స్పీకర్లలోంచి ఒక మగగొంతు వినపడింది. మామూలు సాయంత్రాల సందట్లో అది ఎవరి చెవినా పడేది కాదు.

"ఈ వైరెవడేశాడ్రా ఇక్కడ!"

అబ్బులు గారు కదల్లేదు. మాస్టారు పైకప్పు రేకులు చూశాడు. కరుణ కింద చూసింది. నూకరాజు మాత్రం తాపీగా అన్నాడు. "మీ గొంతు ఏమీ మారలేదండి."

అబ్బులు గారు రికార్డు ఆపించాడు. "నూకరాజు, సాయంత్రం తొందరగా రా. రద్దీ ఉంటది." తర్వాత కరుణ వైపు తిరిగాడు. "అమ్మాయ్, గొంతు బాగయ్యాక రా. అందాకా మాస్టారొక్కడే వాయిత్తాడు. పాట లేకపోయినా పర్లేదు గానీ, చద్దిపాట మాత్రం వద్దు."

అది దయో, లేక ఊరంతా ప్లేటు కథ చెప్పుకుని నవ్వుతారన్న భయమో నేను తేల్చుకోలేకపోయాను. మనుషుల్లో దయ విడిగా దొరకడం నేను చూడలేదు. పాలలో నీళ్లలాగా దానితో ఏదో ఒకటి కలిసే ఉంటుంది. అయినా పాలు పాలే.

నా వైరు మొదలు ఆ శనివారం సాయంత్రమే వదులైంది. ఆమె పిడికిలి బలమో, నా వయసో. మాస్టారు వైరు లేని కొత్త మైకు కొన్నాడు. నన్ను పాత సామాన్లలో వేయబోతుంటే అబ్బులు గారు అడిగి తీసుకున్నాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. సాక్షిని తన దగ్గరే పెట్టుకోవడం మేలనుకున్నాడని నా అనుమానం. ఇప్పుడు నేను బిల్లుల బల్ల సొరుగులో సోంపు డబ్బాకీ, పంటిపుల్లల పొట్లానికీ మధ్య ఉన్నాను. ఆయన చిల్లర కోసం సొరుగు తీసినప్పుడల్లా నా వైపు ఒకసారి చూసి మూసేస్తాడు. కొబ్బరి పీచు, కాలిన రొట్టె, సోంపు కలిసిన వాసన నా జల్లెడలో నిలిచిపోయింది.

వానాకాలం వెళ్లాక ఒక శనివారం సొరుగు కొంచెం తెరిచి ఉంది. దూరంగా స్టేజి మీద పాట మొదలైంది. కరుణ గొంతే. మునుపటికంటే కింది శ్రుతిలో, మందంగా ఉంది. బల్లల మధ్య నూకరాజు చెప్పుల చప్పుడు తెలుస్తోంది. నాకు సంతోషం కలగలేదు. ముందు అనుమానం కలిగింది. ఇది ఆమేనా, పెన్‌డ్రైవా? ఒళ్లంతా చెవి చేసుకుని విన్నాను.

రెండో చరణంలో ఆమె చిన్నగా దగ్గింది. పర్లేదనుకుని ఇంకా విన్నాను. మర్నాడు అదే పాట మళ్లీ పాడింది. ఈసారి రెండో చరణంలో దగ్గలేదు. పల్లవిలో దగ్గింది.

రెండుసార్లూ ఒకే చోట దగ్గలేదు. అందుకని నమ్మాను.